బ్రేక్ మీరే విప్పారు సరే, పాడైంది ఏది?

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. రూ.13,500 పెట్టి కర్నూలులోనే డిస్క్ బ్రేక్ సైకిల్ కొన్నాను. ఏడో నెలలో ముందు బ్రేక్ సరిగా పట్టడం లేదంటే ఇంట్లోనే అల్లెన్ కీతో కాలిపర్ (డిస్క్‌ను పట్టి ఆపే భాగం) విప్పి, వైరు లాగి బిగించాను. పన్నెండు రోజులకు జగన్నాథగట్టు దిగుతూ బ్రేక్ పట్టక పడిపోయాడు. చెయ్యి విరిగింది, రెండు ఆపరేషన్లయ్యాయి. ఇది జరిగి 21 నెలలు. నేను విప్పాను కాబట్టి వారంటీ పోయిందని షాపువాళ్లంటున్నారు. తెలిసిన మెకానిక్ తానే బాగు చేసినట్టు పాత తేదీతో బిల్లు రాసిస్తానంటున్నాడు. మా ఆవిడ ఆ సైకిల్‌ను చూడలేక గుజిరీకి వేసేయమంటోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ పూర్తి ఉత్తరంలో ఆసుపత్రి గురించి మూడు పేజీలు రాశారు. బ్రేక్‌లో ఏ భాగం పాడైందో మాత్రం ఒక్క ముక్క లేదు. మీ కేసు తేలేది అక్కడే.

కాలిపర్ దగ్గర బోల్టు కింద నుంచి వైరు జారిపోయి ఉంటే, చివరిగా దాన్ని బిగించింది మీరే కనుక వేలు మీ వైపే చూపిస్తారు. చైన్‌కు కొట్టిన ఆయిల్ డిస్క్ మీద పడినా అంతే. అలా కాక బ్రేక్ ప్యాడ్ రేకు నుంచి పైపొర ఊడిపోయినా, బ్రేక్ లీవర్ దగ్గర వైరు చివరి గుండు ఊడివచ్చినా, కాలిపర్ మీద వైరు లాగే మీట విరిగినా అవి మామూలుగా వైరు బిగించినందుకు వచ్చేవి కావు. అప్పుడు తయారీ లోపమని వాదించే వీలుంటుంది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో 87వ సెక్షన్ ఉంది. ప్రమాదం నాటికి వస్తువును తప్పుగా వాడినా, మార్పులు చేసినా అమ్మినవాడి మీద దావా చెల్లదంటుంది. షాపువాళ్లు చివరికి పట్టుకునేది దీన్నే. కానీ వైరు బిగువు సరిచేసుకోవడం వాడేవాడి పనేనని సైకిల్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటే, దాన్ని మార్పు అని నిలబెట్టడం వాళ్లకు కష్టం. ఆ పుస్తకం వెతకండి. పైగా సైకిల్ అట్టపెట్టెలో విడిభాగాలుగా వస్తుంది, బిగించి ఇచ్చేది షాపే. ఆ బిగింపులో తగిన జాగ్రత్త తీసుకోకపోతే 86వ సెక్షన్ కింద బాధ్యత వాళ్లది. దీనికీ వారంటీకీ సంబంధం లేదు.

ఇక మీ సంగతి. కొత్త వైరు కొద్ది వారాల్లోనే కాస్త వదులవుతుంది, మొదటి సర్వీసు పెట్టేది అందుకే. సైకిల్‌ను సర్వీసుకు తీసుకెళ్లానని మీరెక్కడా రాయలేదు. అవతలి లాయరు మొదట అడిగేది ఇదే. 21 నెలలు చేతులు కట్టుకుని కూర్చోవడం అంతకన్నా పెద్ద నిర్లక్ష్యం. అదే చట్టంలోని 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు, మీ విషయంలో అది ప్రమాదం జరిగిన రోజు నుంచి. మిగిలింది మూడు నెలలే. షాపుకు నోటీసులు పంపుతూ, వాట్సాప్‌లో బతిమాలుతూ ఉంటే గడువు ఆగదు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

ఆ మెకానిక్ బిల్లు ముట్టుకోకండి. దొంగ సాక్ష్యం సృష్టిస్తే ఏడేళ్ల వరకు జైలు. పైగా మీరే బ్రేక్ విప్పానని షాపువాళ్లకు ముందే చెప్పేశారు కదా, ఆ బిల్లు ఒక్క పూట కూడా నిలవదు. నిజం చెప్పి గెలవగల కేసును అబద్ధంతో పాడు చేసుకుంటారు. బ్రేక్ విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి ఉంటే, అది మీకు ఇబ్బందిగా ఉన్నా చెరపకండి.

సైకిల్‌ను గుజిరీకి వేస్తే కేసూ దాంతోపాటే పోతుంది. బాగు కూడా చేయించకండి. కాలిపర్, వైరు, ప్యాడ్లు, ఫ్రేమ్ నంబరు అన్నీ కనబడేలా ఇప్పుడే ఫొటోలు తీసి, గుడ్డ చుట్టి మూలన పెట్టండి. లోపం పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే కమిషనే దాన్ని సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది. నివేదికకు 45 రోజులు.

అబ్బాయి మైనరు కనుక తండ్రిగా మీరే ఫిర్యాదు వేయొచ్చు. మీరుండేది కర్నూలులో కాబట్టి, కంపెనీ ఎక్కడున్నా ఇక్కడి జిల్లా కమిషన్ చాలు. సైకిల్ ధర రూ.5 లక్షల లోపే కనుక ఫీజు లేదు. షాపునూ కంపెనీనీ ఇద్దరినీ చేర్చండి. కొన్న బిల్లు, డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ బిల్లులు జతపరచి, వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయొచ్చు. దారి తెలియకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి అడగండి. ఫొటోలు మాత్రం ఈ రోజే తీయండి.