పడదు అన్న మాట వినండి

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వూ, నీ ఫ్రెండ్సూ సంక్రాంతి సెలవుల్లో తిండి ఎలర్జీల గురించి ఊళ్లో ఇంటింటికీ తిరిగి చెబుతారని మీ అమ్మ రాత్రి ఫోన్‌లో చెప్పింది. ముప్పై రెండేళ్లు ఏఎన్ఎంగా ఆ వీధుల్లోనే తిరిగాను, నాకెంత గర్వంగా ఉందో! ఫోన్ పెట్టాక మాత్రం నిద్ర పట్టలేదు. తెల్లారకముందే లేచి రాస్తున్నాను.

సర్పంచ్‌గారికీ, అంగన్‌వాడీ టీచర్‌కీ ముందే చెప్పండి. ఆడవాళ్లు పనుల్లోకి వెళ్లకముందే తిరగండి. అవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఒకటుంది. 1994 వేసవిలో మా తోడికోడలి కూతురి ఓణీల ఫంక్షన్. పెరట్లో బంతి భోజనాలు, నేను వడ్డిస్తున్నాను. ఒకావిడ ఆరేళ్ల కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని, "అక్కా, ఈ కూరలో వేరుశెనగ గుళ్లు వేశారా? వీడికి పడవు" అంది. గుత్తివంకాయ. నేను వంగి విస్తట్లోకి చూశాను. గింజ కనపడలేదు. "లేవమ్మా, పెట్టు" అన్నాను. వంటాయన పదడుగుల దూరంలో పొయ్యి దగ్గరే ఉన్నాడు. వెళ్లి అడగలేదు. గుళ్లూ నువ్వులూ వేయించి, నూరి కాయలో కూరతారని నాకు తెలియదా? మా ఇంట్లో నేనూ అలాగే వండేదాన్ని. ఆ క్షణాన తట్టలేదు.

రెండు ముద్దలు తిన్నాడో లేదో, పెదవి గోక్కోవడం మొదలుపెట్టాడు. మెడ మీద దద్దుర్లు లేచాయి. "వేడి చేసిందిలే" అని ఎవరో మజ్జిగ తెచ్చారు. నేను సంచిలోంచి ఎలర్జీకి వేసే ఎవిల్ మాత్ర తీసి సగం మింగించి, తగ్గిపోతుందని ధైర్యం చెప్పాను. వాంతి చేసుకున్నాడు. ఆ తర్వాత "అమ్మా" అన్నాడు. ఆ గొంతు వాడిది కాదు. ముసలాయన గొంతులా బొంగురుపోయింది. అప్పటికింకా 108 లేదు. ఎవరిదో స్కూటర్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరుగారు తొడలో అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. కాసేపటికి వాడు మంచినీళ్లు అడిగాడు. డాక్టరుగారు నన్నొక్క మాట అనలేదు. వాడి తల్లి మాత్రం, "మీరు చెప్పారనే పెట్టానక్కా" అంది.

అందుకే ముందు వంటవాళ్ల దగ్గరికి వెళ్లండి, తర్వాత నాలాంటి పెద్దవాళ్ల దగ్గరికి. మనకి 'పడదు' అన్నది ఒక్కటే మాట. పాలు తాగి కడుపుబ్బరించినా పడదే, వంకాయ ఇష్టం లేకపోయినా పడదే. కాబట్టి ఎవరైనా పడదంటే నవ్వేసి ఇంకో గరిటె వేస్తాం. "తింటే ఏమవుతుంది?" అని అడగడం నేర్పండి. కడుపుబ్బరం ఇబ్బందే గానీ ప్రాణం మీదికి రాదు. దద్దుర్లు, వాపు, ఆయాసం అంటే మాత్రం చిటికెడు కూడా తగలకూడదు. గరిటె వేరు, మూకుడు వేరు, నూనె వేరు. ప్యాకెట్ వెనక చదవమనీ చెప్పండి. వేరుశెనగ, జీడిపప్పు, పాలు, గుడ్డు, చేప, రొయ్య, సోయా, గోధుమ ఉంటే అక్కడ విడిగా రాసి తీరాలి. మన దేశంలో ఆ జాబితాలో నువ్వులు లేవు. మనమేమో సగం కూరల్లో నువ్వులపొడి చల్లుతాం!

ఇంకోటి. పోస్టర్ మీద వేరుశెనగ పక్కన పుర్రె బొమ్మ వేశారట. చింపెయ్. ఊళ్లో ఎందరో పిల్లలకి బళ్లో ఇచ్చే చిక్కీ, గుడ్డే బలం. ఎలర్జీ ఉండేది ఏ కొద్దిమందికో. వాళ్లని కాపాడబోయి మిగతా పిల్లల నోటి దగ్గర కూడు తీయకండి. ఆ తప్పూ నేను చేశాను, గుడ్డూ వేరుశెనగా ఆలస్యంగా పెట్టమని తల్లులకి చెప్పి. ఆలస్యం చేస్తేనే వేరుశెనగ ఎలర్జీ ఎక్కువని 2015లో లండన్ పరిశోధనలో తేలింది.

ఇది మాత్రం పెద్ద అక్షరాలతో రాయండి: తిన్నాక గొంతు బొంగురుపోయినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే 108. ఎవిల్ దురద తగ్గిస్తుంది, మూసుకుపోయే గొంతుని తెరవదు. అందుకు అడ్రినలిన్ కావాలి. మనిషిని నడిపించకూడదు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టాలి, ఊపిరాడకపోతే కూర్చోబెట్టాలి. తగ్గిందని వెంటనే ఇంటికి తెచ్చేయకూడదు, కొన్ని గంటల తర్వాత మళ్లీ రావచ్చు. పీహెచ్‌సీలో అడ్రినలిన్ ఉందో లేదో ముందే వెళ్లి కనుక్కో.

తిరిగేటప్పుడు టైముకి తిను తల్లీ. నీకు ఆకలేస్తే తలనొప్పి వస్తుంది.

ఆ కుర్రాడి తల్లి ఇప్పటికీ రామాలయం వెనక వీధిలోనే ఉంటోంది. ఎదురుపడితే పలకరిస్తుంది, నేనూ పలకరిస్తాను. ఆ రోజు సంగతి మాత్రం మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. మొదట ఆ ఇంటికే వెళ్లండి. ఏ రోజో ముందు చెప్పు, నేనూ వస్తాను.

నీ పెద్దమ్మ