“నాలుగు ఐదులు” అన్నది అబద్ధమా?

ప్రశ్న: అయ్యా, సముద్రపు దొంగల సినిమా చూసినప్పటి నుంచి మా మనవడు, వాడి మేనమామ, నేను సెలవుల్లో ఆ పాచికల ఆటే ఆడుతున్నాము. ఒక్కొక్కరికి ఐదు పాచికలు, బోర్లించడానికి ఒక స్టీలు గ్లాసు. మొన్న మనవడు “నాలుగు ఐదులు” అన్నాడు. మామ “అబద్ధం” అని గ్లాసులు ఎత్తించాడు. పిల్లవాడి దగ్గర రెండు ఐదులు, నా దగ్గర ఒకటి, మామ దగ్గరే ఒకటి ఉన్నాయి. అయినా “నీ దగ్గర లేనివి ఉన్నాయన్నావు, ఓడిపోయావు” అంటాడు మామ. ఎవరిది న్యాయం? పిల్లలకు ఇలా బొంకడం నేర్పవచ్చునా? దొంగలు నిజంగా ఇది ఆడేవారా?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అమ్మా, గెలిచింది మీ మనవడే. ఈ ఆటలో చెప్పేది తన గ్లాసు కింది లెక్క కాదు, మూడు గ్లాసుల కిందా కలిపి ఉన్న 15 పాచికల లెక్క. చీటీపాటలో లాగానే ఒకరి పాటను తర్వాతివారు పెంచాలి, లేదా నమ్మడం లేదని గ్లాసులు ఎత్తించాలి. పాడినన్ని గానీ అంతకు మించి గానీ ఉంటే ఎత్తించినవారు, తగ్గితే పాడినవారు ఒక పాచిక పోగొట్టుకుంటారు. మీ ఇంట సరిగ్గా నాలుగు ఉన్నాయి కనుక, పాచిక తీసి పక్కన పెట్టవలసింది మామగారే.

అయితే ఆయన సవాలు అర్థం లేనిది కాదు. రెండు ఐదులు కళ్లతో చూసిన పిల్లవాడికి, కనబడని 10 పాచికల్లో మరో రెండైనా ఉండే అవకాశం నూటికి 52. తన దగ్గర ఒకటే ఉన్న మామగారికి ఆ 10 పాచికల్లో మూడైనా కావాలి, ఆ అవకాశం నూటికి 22 మాత్రమే. ఒకే పాట ఒకరికి సగానికి సగం నమ్మదగినదిగా, ఇంకొకరికి అనుమానించదగినదిగా తోచడంలోనే ఈ ఆట ప్రాణం ఉంది. మామగారు వదిలేసింది ఒక్కటే: ఆరు ముఖాలుండగా వీడు ఐదుల పేరే ఎందుకు ఎత్తాడని ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసింది. కొందరు ఒకటిని ఏ ముఖానికైనా చెల్లే పాచికగా లెక్కిస్తారు. అలా ఆడితే, పిల్లవాడి దగ్గర ఒకట్లు లేకపోయినా, 52 కాస్తా 90 దాకా పోతుంది కాబట్టి ఆ సంగతి ముందే తేల్చుకోండి.

ఇక బొంకు సంగతి. శకుని జూదంలో మోసమంతా ఒకడి చేతిలోనే ఉంది. ఇక్కడ పాచికలు నిజమే చెబుతాయి, మాట మాత్రమే దాగుడుమూతలాడుతుంది, ఆ సంగతి ఆడుతున్న ముగ్గురికీ తెలుసు. అందుచేత రేపు ఒక్క ఐదు కూడా లేకుండా మీ మనవడు ఐదులు పాడినా నేను దాన్ని అబద్ధమనను. నిస్సంకోచంగా నేర్పండి, కాని పందెం చింతగింజలే కావాలి, రూపాయి కూడా వద్దు.

దొంగలకు కూడా ఈ జాగ్రత్త ఉండేది. 1724లో లండన్‌లో అచ్చయిన సముద్రపు దొంగల చరిత్రలో బార్తలోమ్యూ రాబర్ట్స్ ఓడ నియమాలున్నాయి. డబ్బు పెట్టి పేకాట గానీ పాచికలు గానీ ఆడరాదన్నది వాటిలో ఒకటి. నిషేధించవలసి వచ్చిందంటే పాచికలు ఓడల మీద బాగానే దొర్లేవన్నమాట. గ్లాసుల కింద దాచి ఆడే ఈ ఆటను దక్షిణ అమెరికాలో ‘దూదో’ అంటారు, స్పానిష్‌లో ఆ మాటకు ‘నాకు అనుమానం’ అని అర్థం.

మీరు అడగకపోయినా ఒక మాట. తళతళలాడే స్టీలు గ్లాసును కాస్త వంచి చూసుకునేటప్పుడు లోపలి చుక్కలు పక్కనున్న గ్లాసు మీద, నున్నటి బండల మీద ప్రతిఫలిస్తాయి. చాప పరచి, గ్లాసులకు బదులు పీచు గీకిన టెంకాయ చిప్పలు బోర్లించుకోండి.