వైకల్యం శిక్షను తగ్గించాలా?

ప్రశ్న: దక్షిణాఫ్రికా పరుగుల క్రీడాకారుడు ఆస్కార్ పిస్టోరియస్‌కు శిక్ష వేసేటప్పుడు, అతనికి రెండు కాళ్లు లేవన్న సంగతిని న్యాయస్థానం లెక్కలోకి తీసుకోవాలా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: అమ్మా, తీసుకోవాలి, కాని శిక్షాకాలాన్ని కుదించడానికి కాదు, జైలులో ఆ మనిషిని ఎలా ఉంచాలో నిర్ణయించడానికి. 2013 ఫిబ్రవరి 14న అతడు మూసి ఉన్న మరుగుదొడ్డి తలుపు గుండా కాల్పులు జరపగా, లోపల ఉన్న అతని ప్రియురాలు రీవా స్టీన్‌కాంప్ ప్రాణాలు కోల్పోయింది. 2014లో ఐదేళ్ల శిక్ష పడింది. అప్పీలులో అది హత్యేనని తేలాక 2016లో ఆరేళ్లుగా మారి, 2017లో 13 ఏళ్ల 5 నెలలకు పెరిగింది. 2016 విచారణలో అతడు కృత్రిమ కాళ్లు తీసి కోర్టులో నడిచి చూపినప్పుడు జాలి కలగడం సహజమే, అయితే ఆ జాలి 29 ఏళ్లకే కన్నుమూసిన యువతిని మరిపించకూడదు. అతని కాళ్లకంటే అతని కీర్తే కొందరిని ఎక్కువగా కదిలించిందని నా అనుమానం.

మనవైపు చూస్తే కీర్తి లేని ఖైదీలే ఎక్కువ. కడప కేంద్ర కారాగారమైనా మరేదైనా, చక్రాల కుర్చీ పట్టే ద్వారం, వాడుకోగలిగిన మరుగుదొడ్డి, వేళకు వైద్యం లేకపోతే, ఆ ఖైదీ న్యాయమూర్తి వేయని రెండో శిక్షను కూడా అనుభవిస్తాడు. తొంభై శాతం వైకల్యంతో నాగపూర్ జైలులో ఏళ్ల తరబడి గడిపి, 2024లో మావోయిస్టు సంబంధాల కేసులో నిర్దోషిగా విడుదలైన, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఆచార్య జి.ఎన్. సాయిబాబా మన అమలాపురంవారే.