సిద్ధాంతాలను చెరువు కట్ట మీదికి తీసుకురండి

ప్రశ్న: వ్యవస్థల సాధారణ సిద్ధాంతాలను (జీవి, సమాజం, యంత్రం అన్నింటికీ వర్తించే నియమాలు వెతికేవాటిని) పోలుస్తూ సెమినార్ ఇవ్వమన్నారు. బెర్టలాన్ఫీ, ఆష్‌బీ, మిల్లర్, ఫారెస్టర్... ఎవరిది చదివితే వాళ్లదే నిజమనిపిస్తోంది. ఏది మెరుగో తేల్చేదెలా?
– ఎంఎస్సీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: నలుగురూ ఒకే పోటీలో లేరు, అందుకే తేలడం లేదు. బెర్టలాన్ఫీ 1968 పుస్తకం చాలావరకు ఒక పిలుపు: జీవిలోనూ సమాజంలోనూ ఒకే రూపంలో ఉండే సమీకరణాలున్నాయి, వెతకండి అని. మిల్లర్ 1978లో ఇచ్చింది వర్గీకరణ. కణం మొదలు దేశాల కూటమి దాకా ప్రతి జీవవ్యవస్థకూ 19 ఉపవ్యవస్థలు ఉంటాయన్నాడు, తర్వాత ఇంకోటి కలిపాడు. ఆష్‌బీది అదుపుకు హద్దు చెప్పే గణిత నియమం. ఫారెస్టర్‌ది నిల్వ, రాకపోకల లెక్కతో మోడల్ కట్టే పనిముట్టు. వర్గీకరణను పరీక్షించాలంటే ఒకే పది వ్యవస్థలను ఇద్దరికి విడివిడిగా ఇచ్చి, ఏ భాగాన్ని ఏ ఉపవ్యవస్థ అన్నారో సరిచూడండి. గాలివాటున కుదిరే పోలికలు పోగా మిగిలిన ఏకీభావాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ఇద్దరూ తరచూ వేరే పేర్లు పెడుతుంటే ఆ వర్గీకరణ కాగితం మీదే బాగుంటుంది.

మోడళ్లను పోల్చడానికి మాత్రం ఊరి చెరువును మించింది లేదు. రేపటి నీళ్లంటే ఇవాళ్టి నీళ్లకు వచ్చే వరద కలిపి, అందులోంచి తూము పారకం, ఆవిరి, ఊట, మత్తడి తీసేయడమే. ముందుగా హద్దు గీసి రాసుకోండి. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి నీళ్లే కింది చెరువుకు వరద. పై చెరువును లోపల పెట్టారా, బయట పెట్టారా అన్నదాన్నిబట్టి ఫలితం మారుతుంది. లెక్క తప్పాక హద్దు జరిపితే అది పరీక్ష కాదు.

45 రోజులు పొద్దున ఒకే వేళకు నీటి మట్టం రాయండి. మొదటి 30 రోజులతో మోడల్ సరిచేసుకుని, మిగతా 15 రోజులను ముట్టుకోకుండా పరీక్షకు ఉంచండి. నిన్న ఎంత తగ్గిందో ఇవాళా అంతే తగ్గుతుందనే మొద్దు అంచనాను కూడా పోటీలో నిలబెట్టండి. దాన్ని గెలవని సిద్ధాంతంతో ఈ పనికి అక్కర లేదు. పోల్చాల్సింది మట్టాన్ని కాదు, మట్టంలో మార్పును. మట్టం రోజురోజుకూ పెద్దగా మారదు కాబట్టి దాన్ని పోలిస్తే ఏ మోడలైనా మంచి మార్కులు కొట్టేస్తుంది. పరీక్ష రోజుల్లో మత్తడి దుంకిన రోజులు లేకపోతే ఆ భాగాన్ని మీరు పరీక్షించనట్టే.

ఎక్కువమంది తప్పేది తూము దగ్గర. పారకం నీటి ఎత్తుకు వర్గమూలం లెక్కన తగ్గుతుంది. తూము మీద నీళ్లు 4 మీటర్ల నుంచి 1 మీటరుకు దిగితే పారకం సగమవుతుంది, పావు కాదు. సూటి నిష్పత్తి పెట్టుకుని 4 మీటర్ల దగ్గర సరిచేసిన మోడల్, 1 మీటరు దగ్గర సగం నీళ్లను లెక్కలో పోగొడుతుంది. అప్పుడేం చేస్తారంటే ఊట అంకెను పెంచి లెక్క కుదురుస్తారు. ఊటను కొలవడం కష్టం కాబట్టి తప్పులన్నీ దాని ఖాతాలో పడతాయి! అందుకే ఒక్కో మోడల్‌లో చేత్తో సర్దుకునే అంకెలెన్నో ముందే లెక్కపెట్టండి. ఆవిరి అంత పెద్ద చిక్కు కాదు: నీళ్లు 40 ఎకరాల్లో నిలిచి, రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైతే పోయేది సుమారు 970 ఘనపు మీటర్లు.

ఆష్‌బీని ఈ పోటీలోకి లాగకండి. నీరటికి (చెరువు నీళ్లు వదిలే మనిషికి) తూము తెరవడం, మూయడం రెండే దారులుండి, ఎదురయ్యే పరిస్థితులు 6 అనుకోండి. ఒకే దారి పట్టినా పరిస్థితి మారితే ఫలితం మారే చోట, ఎంత నేర్పరి అయినా ఫలితాలను 3 రకాల కన్నా కిందికి దించలేడు. ఇది లెక్కతో నిరూపించిన మాట. చెరువు అంకెలు దాన్ని కాదనలేవు, ఔననలేవు. ఆ షరతు మీ చెరువుకు వర్తిస్తుందా అన్నదొక్కటే చూడాలి.

ప్రశ్న: అన్నింటికీ వర్తించే సిద్ధాంతమే గొప్పది కదా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: కాదు. ఏది జరగదో కూడా చెప్పాలి. ఎంత సాధారణీకరిస్తే అంత విషయం జారిపోతుందని, ఒక్కో పనికి తగిన మోతాదు ఒకటుంటుందని 1956లోనే ఆర్థికవేత్త బౌల్డింగ్ రాశాడు. ఆయన ఈ సిద్ధాంతాల వ్యతిరేకి కాదు, 1954లో వ్యవస్థల సాధారణ సిద్ధాంతం కోసం పెట్టిన సంఘాన్ని మొదలుపెట్టినవారిలో ఒకడు.

ప్రశ్న: లాగ్ గ్రాఫ్ మీద గీత సూటిగా వస్తే అది ‘స్వయం వ్యవస్థీకృత సంధిస్థితి’ అని రాయొచ్చా?
– భౌతికశాస్త్రం లెక్చరర్, కరీంనగర్

జవాబు: రాయకూడదు. ఆ మాటకు అర్థం, బయటినుంచి ఎవరూ సర్దకుండానే వ్యవస్థ దానంతటదే జారబోయే అంచుకు చేరి, చిన్నా పెద్దా అన్ని సైజుల జారుళ్లూ ఇస్తుందని. రెండు లాగ్ అక్షాల మీద చాలా గీతలు సూటిగానే కనిపిస్తాయి. కొలిచిన సైజులకు కనీసం 10 నుంచి 1000 దాకా విస్తృతి ఉండాలి. ఘాతాంకాన్ని (సైజు పెరిగేకొద్దీ సంఖ్య ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పే అంకెను) గీత వాలుతో కాకుండా గరిష్ఠ సంభావ్యతా పద్ధతిలో, అంటే చేతిలోని డేటా రావడానికి ఎక్కువ అవకాశమిచ్చే విలువను ఎంచుకుని తీయాలి. అదే డేటాకు లాగ్-నార్మల్ పంపిణీ (లాగ్ తీస్తే గంట ఆకారం వచ్చేది) ఇంకా బాగా అతుకుతుందేమో చూడాలి. ఇదంతా నెగ్గినా తేలేది పంపిణీ ఆకారమే. అదే ఆకారం వేరే కారణాల వల్లా వస్తుంది.

ఈ భావనను ముందుకు తెచ్చిన బాక్, టాంగ్, వీసెన్‌ఫెల్డ్ 1987లో ఇసుక కుప్పను కంప్యూటర్‌లో పోశారు. నిజమైన ఇసుక ఆ లెక్కకు సరిగ్గా లొంగలేదు. ఓస్లోలో బియ్యంతో చేసి 1996లో ప్రచురించిన ప్రయోగం మాత్రం మన వంటింటికి దగ్గరగా ఉంటుంది. రెండు పలకల మధ్య ఇరుకు సందులో ఒక అంచు నుంచి గింజలు మెల్లగా వదిలారు. పొడుగు గింజలతో అన్ని సైజుల జారుళ్లూ సిద్ధాంతం చెప్పినట్టే వచ్చాయి. పొట్టి గింజలతో రాలేదు. పొడుగు గింజ రాపిడికి ఆగుతుంది, పొట్టిది దొర్లి వేగం పట్టుకుంటుంది. ‘ఏ కుప్పకైనా ఇదే వర్తిస్తుంది’ అన్న వాదన దొడ్డు బియ్యం దగ్గర ఆగిపోయిందన్నమాట.