ఇల్లు చూడబోయే ముందు తమ్ముడికి

తమ్ముడూ,

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు చూశామని, వంటగది మరదలికి తెగ నచ్చిందని నువ్వు చెబుతుంటే నాకూ మనసు నిండింది. కానీ ప్రీ అప్రూవల్ సంగతి అడిగితే, "వెబ్‌సైటులో జీతం కొట్టానక్కా, 6 లక్షల డాలర్ల దాకా ఇస్తారని చూపించింది" అన్నావు. అది ఉట్టి అంచనారా. లోన్ ఇచ్చే లెండర్ నీ కాగితాలు చూసి, క్రెడిట్ రిపోర్టు తీసి, ఇంత ఇస్తామని రాసిచ్చిన ప్రీ అప్రూవల్ లెటర్ చేతిలో ఉంటేనే అమ్మేవాళ్లు నీ ఆఫర్ వైపు చూస్తారు.

కాగితాలు పెద్ద కష్టమేం కాదు. గత నెల రోజుల పే స్టబ్‌లు (జీతం చీటీలు), రెండేళ్ల డబ్ల్యూ-2లు (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్ను లెక్క), రెండు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు, పాస్‌పోర్టు, ఐ-797 (వీసా అప్రూవల్ నోటీసు). హెచ్1బీ మీద ఉన్నా కన్వెన్షనల్ లోన్, అంటే ప్రభుత్వ హామీ లేని మామూలు లోన్, వస్తుంది. ప్రభుత్వ హామీ ఉండే ఎఫ్‌హెచ్‌ఏ లోన్ మాత్రం 2025 మే 25 నుంచి హెచ్1బీ వాళ్లకు ఇవ్వడం లేదు. పాత వీడియోలు చూసి ఆ లోన్‌కుండే మూడున్నర శాతం డౌన్ పేమెంట్ అని లెక్కలు వేసుకోకు.

నాకు భయమంతా డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్న దాని గురించే. 2013లో మేం కొనేటప్పుడు మీ బావ స్నేహితుడి దగ్గర 18,000 డాలర్లు చేబదులు తీసుకుని ఖాతాలో వేశారు. స్టేట్‌మెంట్ పంపిన రెండో రోజే లోన్ ఆఫీసర్ ఆ ఒక్క లైనుకు పసుపు రంగు పూసి తిప్పి పంపింది. పక్కన "ఇది ఎక్కడిది?" అని రాసి ఉంది. చేబదులంటే అప్పే కదా, దాన్ని డౌన్ పేమెంట్‌గా ఒప్పుకోలేదు. డబ్బు చాలక ఆ ఇల్లు పోయింది. పిల్లలు అప్పటికే ఎవరి గది ఏదో పంచేసుకున్నారు. వాళ్లకు ఎలా చెప్పానో ఇప్పటికీ మర్చిపోలేను.

అందుకే బాబాయ్ ఇండియా నుంచి పొలం అమ్మిన డబ్బు పంపుతానంటే ఇప్పుడే కదలండి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఆయన రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద అక్కడి బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. ఆయన రిటర్న్ వేసేటప్పుడు అది పన్నులో సర్దుబాటవుతుంది, మిగిలితే తిరిగొస్తుంది, కానీ అప్పటిదాకా చేతిలో ఉండదు. ఆ మేరకు లెక్క చూసుకోమను. తిరిగి ఇవ్వక్కర్లేదని ఆయన సంతకంతో గిఫ్ట్ లెటర్, అమ్మకం దస్తావేజు, వైర్ రశీదు దాచిపెట్టు. ఏడాదిలో లక్ష డాలర్లు దాటితే నువ్విక్కడ ఫారం 3520 వెయ్యాలి, బయటి దేశం నుంచి వచ్చిన గిఫ్ట్ సంగతి పన్ను శాఖకు చెప్పేది అదే. పన్నేమీ ఉండదు గానీ, వెయ్యకపోతే పెనాల్టీ మామూలుగా ఉండదు.

మరదలు ఎంఎస్ కోసం ఇండియాలో తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్ ఇక్కడి క్రెడిట్ రిపోర్టులో కనపడకపోవచ్చు. అయినా దాచకు. అప్పులన్నీ చెప్పానని సంతకం పెట్టేది మీరే.

ఒక్క లెండర్‌తో ఆగిపోకు, ముగ్గురిని అడుగు. 45 రోజుల్లోపు ఎంతమంది లెండర్లు క్రెడిట్ తీసినా స్కోరుకు ఒక్క ఎంక్వయిరీ కిందే లెక్క. ఇల్లు కుదిరి, అడ్రసుతో అప్లై చేశాక మూడు పనిదినాల్లో లెండర్ లోన్ ఎస్టిమేట్, అంటే వడ్డీ, ఫీజులు రాసిన కాగితం, ఇవ్వాలి. అందరిదీ ఒకే నమూనా కాబట్టి రెండో పేజీలు పక్కపక్కన పెడితే ఎవరు ఎంత ఫీజు వేస్తున్నారో తెలిసిపోతుంది.

వాళ్లు 6 లక్షలు ఇస్తామన్నారని 6 లక్షలూ తీసుకోవాలని లేదు. ఫ్రిస్కోలో ఆస్తి పన్నే ఇంటి విలువలో రెండు శాతం దగ్గర్లో ఉంటుంది. 5 లక్షల ఇంటికి నెలకు 800 డాలర్ల పైమాటే. దాని మీద ఇన్సూరెన్స్, హెచ్‌ఓఏ (కాలనీ సంఘం ఫీజు). పైగా ఉద్యోగం పోతే హెచ్1బీ మీద నీకు ఇక్కడ ఉండడానికి మామూలుగా 60 రోజులే గడువు. ఆర్నెల్ల ఇన్‌స్టాల్‌మెంట్లు ఖాతాలో మిగిలేలా చూసుకుని, ఆ తర్వాతే ఎంత ఇల్లో తేల్చుకోండి.

లెటర్ వచ్చాక కొత్త కారు, కొత్త క్రెడిట్ కార్డు, అప్పు మీద సోఫాలు ఏమీ వద్దు. క్లోజింగ్‌కు, అంటే ఇల్లు మీ పేరుకు మారే రోజుకు, ముందు లెండర్ మీ క్రెడిట్ మళ్లీ చూస్తారు. కారు సంగతి తాళాలు చేతికొచ్చాక.

శనివారం ఇద్దరూ భోజనానికి రండి. రెండు నెలల స్టేట్‌మెంట్లు ప్రింట్ తీసి, జీతం కాకుండా పడిన ప్రతి డిపాజిట్ పక్కన ఎక్కడిదో పెన్సిల్‌తో రాసి తీసుకురా. ఏదైనా గుర్తుకు రాకపోతే అక్కడ చుక్క పెట్టి వదిలెయ్, కూర్చుని వెతుకుదాం.

మీ అక్క