మాంటిల్ దొరుకుతాడు, పక్క నంబరు దొరకదు

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్న మా అబ్బాయి 1952లో టాప్స్ కంపెనీ పొట్లాల్లో పెట్టి అమ్మిన, ఆటగాళ్ల బొమ్మలుండే బేస్‌బాల్ కార్డులు సేకరిస్తున్నాడు. బోలెడంత ధర పలికే మిక్కీ మాంటిల్ కార్డు వేలంపాటల్లో తరచూ కనిపిస్తుందట గానీ, అదే సెట్టులో చివరి నంబర్లున్న అనామక ఆటగాళ్ల కార్డులు అమ్మకానికి రావడమే అరుదట. ఇదేం విచిత్రం?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఖరీదైనదే అరుదైనదని మనం అనుకుంటాం గానీ, ఈ సెట్టులో ఆ లెక్క తిరగబడింది. మొత్తం 407 కార్డులను టాప్స్ ఒకేసారి కాక విడతలవారీగా విడుదల చేసింది. 311 నుంచి 407 వరకు ఉన్న ఆఖరి విడత దుకాణాలకు చేరేసరికి సీజన్ ముగింపుకొచ్చి, పిల్లల ధ్యాస ఫుట్‌బాల్ మీదికి మళ్లింది. అమ్ముడుపోని పెట్టెలు ఏళ్ల తరబడి గోదాములో మూలిగాయి. ఆ కార్డులను రూపొందించిన సై బెర్గర్, వాటిని ఎంత చవకగా ఇస్తామన్నా తీసుకునేవారు లేకపోవడంతో 1960లో బార్జి మీద వేయించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని తరువాతి కాలంలో చెప్పారు.

మాంటిల్ కూడా ఆ విడతలోవాడే. అతనిది 311వ నంబరు. తేడా అంతా ముద్రణలో ఉంది. అచ్చు షీట్ల మీద మాంటిల్, జాకీ రాబిన్సన్, బాబీ థామ్సన్ కార్డులకు రెండేసి చోట్లు దక్కాయి కనుక, ఆ మూడూ తక్కినవాటికి రెట్టింపుగా అచ్చయ్యాయి. పైగా 2022 ఆగస్టులో ఒక మాంటిల్ కార్డు 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. అంత ధర చూశాక ఇంట్లో కార్డు ఉన్నవాళ్లు బయటికి తీయకుండా ఉంటారా? అనామకుడి కార్డు సంగతి వేరు. అది కావలసింది ప్రధానంగా సెట్టు పూర్తి చేయాలనుకునేవారికే. వారి చేతికి చిక్కిన కార్డు ఖాళీ గడిలో కుదురుకున్నాక, మళ్లీ విడిగా సంతలోకి రావడం కష్టం.

“మంచి స్థితిలో” అనే షరతు పెడితే వెతుకులాట మరీ కఠినమవుతుంది. ఆనాటి పిల్లలు కార్డులను నంబర్ల వరుసలో పేర్చి రబ్బరు బ్యాండు బిగించేవారు. దాని ఒరిపిడి పైనున్న 1వ నంబరు ఆండీ పాఫ్‌కో మీద, అడుగునున్న 407వ నంబరు ఎడ్డీ మాథ్యూస్ మీద పడి అంచులు నలిగిపోయాయి. పాఫ్‌కో చివరి విడతలోవాడు కాకపోయినా, అతని కార్డు చెక్కుచెదరకుండా దొరకడం గగనమే.

అసలు పొట్లాలలోకే ఎక్కని కార్డూ ఒకటుంది. గౌడీ కంపెనీ 1933 సెట్టులో 106వ నంబరు వేయలేదు. పిల్లలు దానికోసం కొంటూనే ఉంటారన్నది ఎత్తుగడ అని సేకర్తల నమ్మకం. ఆ లోటు గురించి ఉత్తరాలు రాసినవారికి 1934లో నాప్ లాజొయీ అనే ఆటగాడి కార్డును ఆ 106వ నంబరుగా తపాలాలో పంపారు. ఇప్పుడున్న ప్రతులు కొన్నింటి మీద ఆనాటి పేపర్ క్లిప్పు మచ్చ కనిపిస్తుంది.

మీ అబ్బాయి విడి కార్డుల జాబితాల కోసమే ఎదురుచూడకుండా, పూర్తి సెట్టును విడగొట్టి అమ్మే వేలాలను గమనించడం మేలు. మూలలు అరిగినవాటితో సరిపెట్టుకోగలిగితే ఖర్చు కూడా బాగా తగ్గుతుంది.