పరారుణ కాంతిలో శబ్దం: ఏ సెన్సర్ వాడాలి?

ప్రశ్న: మా నాయనమ్మకు వినికిడి తగ్గింది. టీవీ శబ్దాన్ని పరారుణ కాంతి ద్వారా పంపి ఆమెకు ఇయర్‌ఫోన్‌లో వినిపించాలని బరంపురం నుంచి టీఎస్‌ఓపీ1738 అనే పరారుణ సెన్సర్ తెచ్చి రిసీవర్ కట్టాను. ఏమీ వినిపించలేదు. ఎల్‌14జీ1 ఫోటోట్రాన్సిస్టర్ (కాంతి పడితే కరెంటును పారనిచ్చే ట్రాన్సిస్టర్) వాడమని దుకాణంలో అన్నారు. ఏది సరైనది?
— ఒక విద్యార్థి, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: మీరు తెచ్చిన భాగంలో లోపం ఉందనుకోనక్కరలేదు. టీఎస్‌ఓపీ1738 రిమోట్ల కోసం తయారైనది. సెకనుకు 38,000 సార్లు వెలిగి ఆరే కాంతి చిన్న చిన్న విడతలుగా వచ్చినప్పుడే అది స్పందించి, విడత ఉందో లేదో మాత్రం బయటికి తెలుపుతుంది. కాంతి ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అనే వివరం, అంటే మీకు కావలసిన శబ్దం, దాని లోపలే పోతుంది. ఆ కాంతిని ఎడతెగకుండా పంపినా ప్రయోజనం లేదు. దాన్ని దీపాల అలజడిగా లెక్కగట్టి అది తన గ్రహణశక్తిని తానే తగ్గించుకుంటుంది.

ఎల్‌14జీ1 వేగం శబ్దానికి సరిపోతుంది. అయితే లెన్సు వల్ల దాని చూపు ఇరుకు కాబట్టి, పెద్దావిడ కాస్త పక్కకు జరిగితే మాట తెగిపోతుంది. అందుకే నేను బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్‌నే (పడిన కాంతికి తగినంత కరెంటు ఇచ్చే డయోడ్‌నే) సూచిస్తాను. 7.5 చదరపు మిల్లీమీటర్ల వైశాల్యంతో, ఇరువైపులా సుమారు 65 డిగ్రీల వరకు అది కాంతిని అందుకోగలదు. నల్లటి ఫిల్టర్ గల బీపీడబ్ల్యూ41ఎన్ దొరికితే ఇంకా మంచిది. ట్యూబ్‌లైట్ కాంతిని చాలావరకు ఆపుతుంది. ఎండలోనూ ఫిలమెంటు బల్బులోనూ పరారుణం పుష్కలంగా ఉంటుంది గనుక వాటి ముందు ఆ ఫిల్టర్ కూడా నిలవదు.

అసలు జాగ్రత్త పడవలసింది ఇక్కడే. డయోడ్‌ను 9 వోల్టులకు రివర్స్ బయాస్‌లో (అంటే తిరగేసి), 100 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో కలిపితే, కాంతి వల్ల పారే కరెంటు 90 మైక్రోఆంపియర్లకు చేరగానే వోల్టేజి అంతా రెసిస్టర్ మీదికి వచ్చేస్తుంది. పగటిపూట వరండా వైపు తిరిగి కూర్చుంటే వెలుతురే ఆ హద్దును నింపి శబ్దానికి చోటు లేకుండా చేస్తుంది. 10 కిలోఓమ్‌లు పెడితే హద్దు 900 మైక్రోఆంపియర్లకు పెరుగుతుంది. సంకేతం పదోవంతుకు తగ్గుతుంది కనుక ముందు బలహీన సంకేతాన్ని పెంచే ఒక ప్రీఆంప్లిఫయర్, తర్వాత ఇయర్‌ఫోన్‌ను నడిపే ఆంప్లిఫయర్ చిప్ ఎల్‌ఎం386 అవసరమవుతాయి. ఆ రెంటిలో మొదటిదాని ముందు 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్, 47 కిలోఓమ్‌ల ఇన్‌పుట్ రెసిస్టర్ ఉంచండి. దాదాపు 300 హెర్ట్జ్‌కు దిగువ ఉన్నవి, వాటితోపాటు కరెంటు దీపాల 100 హెర్ట్జ్ గుర్రు కూడా, బాగా తగ్గుతాయి. మాటల స్పష్టత చెడదు.

పంపే ఎల్‌ఈడీలో శబ్దం లేనప్పుడు కూడా కొంత కరెంటు ప్రవహిస్తూ ఉండాలి. లేకపోతే తరంగంలో సగం తెగి మాట గరగరలాడుతుంది.